ధర కోశారు, అమ్మకాలు లేచాయి... ఆ తర్వాత?

కళ్లజోడు లేకుండానే త్రీడీ బొమ్మ చూపించే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ నింటెండో 3డీఎస్. 2011 ఫిబ్రవరిలో జపాన్‌లో 25,000 యెన్‌లకు, మార్చిలో అమెరికాలో 250 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. మొదటి హడావుడి సద్దుమణిగాక అడిగేవాళ్లే కరువయ్యారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రపంచమంతా కలిపి 7 లక్షల 10 వేలు అమ్ముడయ్యాయి. జూలై 28న కంపెనీ ధర తగ్గింపు ప్రకటించింది. ఆగస్టు 11 నుంచి జపాన్‌లో 15,000 యెన్‌లు, మర్నాటి నుంచి అమెరికాలో 170 డాలర్లు.

జపాన్‌లో తగ్గింపుకు ముందు వారం అమ్మినవి 4 వేల పైచిలుకు. తగ్గిన వారం దాదాపు 2 లక్షలు! అమెరికాలో ఆగస్టు అమ్మకాలు 2 లక్షల 35 వేలు దాటాయి, జూలై కంటే 260 శాతం ఎక్కువ. ధర 32 శాతం తగ్గితే గిరాకీ 260 శాతం పెరిగింది. ఇంటర్ ఎకనామిక్స్‌లో చదువుకున్న డిమాండ్ వ్యాకోచత్వం లెక్క కడితే, అంటే గిరాకీ మార్పు శాతాన్ని ధర మార్పు శాతంతో భాగిస్తే, 8 వస్తుంది. ఇంత పెద్ద అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు.

కారణం ప్రకటనకూ కోతకూ మధ్య ఉన్న రెండు వారాల వ్యవధిలోనే ఉంది. ఆషాఢం తగ్గింపులు వచ్చే వారమే అని తెలిశాక చీర ఇవాళే ఎవరు కొంటారు? జూలై 28 తర్వాత 3డీఎస్ కొందామనుకున్న వాళ్లంతా ఆగిపోయారు. అందుకే జపాన్‌లో ‘ముందు’ వారం అంకె అంతగా పడిపోయింది. అంతకుముందు నుంచీ ధర దిగాలని చూస్తున్నవాళ్లు కూడా ఒక్కసారిగా వచ్చి పడడంతో ‘తర్వాత’ అంకె పెరిగింది. అంటే ఆ ఉరవడిలో కొంత భాగం కొత్త గిరాకీ కాదు, తేదీ మారిన పాత గిరాకీ. అలా ఎదురుచూసినవాళ్లు కొనేశాక జోరు తగ్గడం సహజం.

3డీఎస్‌ను నిలబెట్టింది ఆటలు. జపాన్‌లో నవంబరు 3న సూపర్ మారియో 3డీ ల్యాండ్, డిసెంబరు 1న మారియో కార్ట్ 7, 10న మాన్‌స్టర్ హంటర్ వరసగా వచ్చాయి. కన్సోల్‌ను ఎవరూ కన్సోల్ కోసం కొనరు, దాని మీద ఆడే ఆట కోసం కొంటారు. ఆటలు తయారుచేసేవాళ్లు ఎన్ని ఇళ్లలో ఆ యంత్రం ఉందో చూసి డబ్బు పెడతారు. ధర కోత ఇళ్ల సంఖ్య పెంచుతుంది, దాంతో ఆటలు పెరుగుతాయి, వాటి కోసం మళ్లీ కొత్తవాళ్లు వస్తారు. ఈ గొలుసు అందుకోబట్టే 3డీఎస్ చివరికి 7 కోట్ల 59 లక్షలు అమ్ముడైంది.

అందుకోకపోతే? అదే నింటెండో 2003 సెప్టెంబరులో అమెరికాలో తన మరో కన్సోల్ గేమ్‌క్యూబ్‌ను 149 నుంచి 99 డాలర్లకు దించింది. పోటీదారు ప్లేస్టేషన్ 2 ధర అప్పుడు 179. అమ్మకాలు ఎగబాకాయి, కానీ జీవితకాలంలో గేమ్‌క్యూబ్ 2 కోట్ల 17 లక్షల దగ్గరే ఆగింది. ప్లేస్టేషన్ 2 మాత్రం 15 కోట్లు దాటింది. ఆటల గుట్ట అటువైపే ఉంది.

కోతకు మూల్యమూ ఉంటుంది. 3డీఎస్‌ను తయారీ ఖర్చు కంటే తక్కువకు అమ్మాల్సి వచ్చింది. దానికి యెన్ బలపడడం తోడై, 2012 మార్చితో ముగిసిన ఏడాదిలో నింటెండోకు సుమారు 4,320 కోట్ల యెన్‌ల నికర నష్టం వచ్చింది. అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతం సగానికి తగ్గించుకున్నారు. పాత ధరకు కొన్నవాళ్లకు 20 పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు. ఇది నాకు ఎంతో నచ్చిన నిర్ణయం. మొదట నమ్మి కొన్నవాళ్లను బాధపెడితే తర్వాతి కన్సోల్‌కు వాళ్లు రారు.

తయారీ ఖర్చు తగ్గుతూ పోతే ఇలాంటి మూల్యం లేకుండానే ధర దించొచ్చు. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లు, 2009లో 99. చిప్‌లు చిన్నవై చవకవుతూ ఉండడం వల్లే అది సాధ్యమైంది. ఇప్పుడా చవకదనం మందగించింది. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో రూ.49,990కి వచ్చిన ప్లేస్టేషన్ 5, 2022 నవంబరులో రూ.54,990 అయింది. కాబట్టి కన్సోల్ కొనాలనుకునే పాఠకులు ధర దిగుతుందని ఏళ్ల తరబడి ఆగకండి. మీకు కావలసిన ఆటలు దాని మీద ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.