పడటం నేర్చుకుంటేనే భయం పోతుంది

చూపు లేని బిడ్డో, కాలు సరిగా లేని బిడ్డో ఇంట్లో ఉంటే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘బేచారా’. పడిపోతాడేమోనన్న భయంతో గడప దాటనివ్వరు. జూడో గురువు మొట్టమొదట నేర్పేదే పడటం! గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, మ్యాట్‌ను చేత్తో చరుస్తూ పడాలి. తడబడుతూ నడిచే పిల్లవాడికి ఇంతకన్నా పనికొచ్చే విద్య ఏముంది?

అంధుల జూడోలో ఆటగాళ్లిద్దరూ ఒకరి దుస్తులు ఒకరు పట్టుకున్నాకే పోటీ మొదలవుతుంది. ఎదుటివాడి కదలికను చేతులే చెబుతాయి. పారాలింపిక్స్‌లో ఇది 1988 నుంచి ఉంది. బాల్యంలో కరెంటు షాక్ తగిలి చూపు దెబ్బతిన్న మధ్యప్రదేశ్ యువకుడు కపిల్ పర్మార్ 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచాడు. జూడోలో మన దేశానికి అదే తొలి పారాలింపిక్ పతకం.

చూపు లేదని మనిషిని మూల కూర్చోబెట్టడం మన సంప్రదాయం కాదు. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూం (రజి) అంధులు. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు అజాన్ పలికేవారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్తూ మదీనాలో ఆయనను తమ ప్రతినిధిగా ఉంచేవారు. ఖాదిసియా యుద్ధంలో ఆయన జెండా పట్టి నిలిచారని చరిత్రకారులు రాశారు.

బెజవాడలో కరాటే, జూడో నేర్పేవారున్నారు. కృష్ణా పల్లెల్లో కర్రసాము తెలిసిన పెద్దలున్నారు. అడగాల్సింది మనమే, ఆడపిల్లల కోసం కూడా. ముందుగా డాక్టరుకు చూపించండి. మూర్ఛ, గుండె జబ్బు ఉంటే తప్పనిసరి. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మెడ ఎముకల పరీక్ష కాకుండా జూడో వద్దు. మొదటి రోజుల్లో తండ్రి అక్కడే కూర్చోవాలి. బిడ్డ పడగానే లేపడానికి మాత్రం పరుగెత్తకూడదు.