కౌమారమున మెదడు: తరుగుటయు ఎదుగుటయే

పరిమాణమును బట్టి చూచినచో, 6 ఏండ్ల బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో 90 శాతమునకు తక్కువ యుండదు. ఒకటవ తరగతి నాటికే యింతగా పెరిగిన మెదడు గల విద్యార్థి 15వ ఏట కఠినమైన లెక్కను సునాయాసముగా చేసియు, సాయంకాలము స్నేహితులతో కూడగానే చెరువుగట్టు మీద సైకిలు పందెములకు దిగుటకు కారణమేమి? "ఒళ్లు పెరిగినది కాని బుద్ధి పెరుగలేదు" అని మనము తేల్చివేయుదుము. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పెరుగుట యనగా ఎక్కువగుట యని తలచుటలోనే పొరపాటున్నది.

మెదడులోని నాడీకణములు ఒకదానికొకటి సంకేతముల నందించుకొను చోట్లను నాడీసంధులందురు. సినాప్సు లన్నను ఇవియే. షికాగో విశ్వవిద్యాలయమునందలి పీటర్ హుటెన్‌లాకర్ అను నాడీవైద్యుడు వీనిని లెక్కింపబూనెను. అప్పుడే పుట్టిన శిశువు మొదలు 90 ఏండ్ల వృద్ధుని వరకు, మరణానంతరము లభించిన 21 మెదడులను తీసికొని, నుదుటి వెనుకనుండు భాగమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఎంత ఓపిక కావలెనో ఊహించుకొనవచ్చును. 1979లో ఆయన ప్రకటించిన ఫలితము విచిత్రమైనది. ఒకటి రెండేండ్ల వయస్సున సంధుల సాంద్రత పెద్దవారిలోకంటె సుమారు 50 శాతము అధికము. అటుపిమ్మట 16 ఏండ్ల వరకు అది తగ్గుచు వచ్చినది!

జొన్నచేనిలో మొలకలు ఒత్తుగా వచ్చినపుడు రైతు కొన్నింటిని పీకివేయుట చూచియుందురు. చేను పలుచనైనదని చూపరికి తోచును గాని, మిగిలిన మొక్కలు ఏపుగా పెరుగుటకు అదియే మార్గము. అయితే మెదడులో ఏ సంధిని ఉంచవలెనో, దేనిని తీయవలెనో నిర్ణయించు రైతు వేరుగా లేడు. పలుమారు పనిచేయు సంధి బలపడి నిలుచును, పనిలేనిది క్షీణించును. ఎలుకలపై జరిపిన పరిశోధనలలో, మైక్రోగ్లియా అను కణములు ఇట్టి సంధులను మ్రింగివేయుట కనబడినది.

ఇట్లు సంధులు తరుగుచుండగా, వేరొకటి పెరుగుచుండును. నాడీతంతువుల చుట్టును మైలిన్ అను కొవ్వుతో కూడిన తొడుగు ఏర్పడును. తొడుగు లేని సన్నని తంతువులో సంకేతము సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించి పోజాలదు. మన శరీరమున మైలిన్ తొడుగు గల లావైన తంతువులలో ఆ వేగము 100 మీటర్ల వరకు నుండును. మెదడులో ఈ తొడుగుల పని బాల్యముతో ముగియక యౌవనమునను సాగుచుండునని 1967లోనే యాకొవ్లెవ్, లెకూర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి.

ఈ మార్పులు మెదడంతటను ఒకేసారి జరుగవు. అయస్కాంత క్షేత్రమున చిత్రములు తీయు యంత్రములు వచ్చిన తరువాత, బ్రతికియున్న పిల్లల మెదడునే రెండేసి యేండ్ల కొకమారు చూచుటకు వీలయ్యెను. 2004లో అమెరికాలో ప్రకటితమైన అట్టి చిత్రములను బట్టి చూడగా, చలనమునకును స్పర్శకును సంబంధించిన భాగములు ముందుగా పరిణతి పొందుచున్నవి. ముందువెనుకలు ఆలోచించుటకును, తొందరపాటును ఆపుకొనుటకును తోడ్పడు లలాట భాగములు చాల ఆలస్యముగా పరిణతి పొందుచున్నవి. 25 ఏండ్లకు మెదడు సంపూర్ణమగునని పత్రికలలో తరచు చదువుచుందుము. ఆ పుట్టిన దినమున మెదడులో విశేషమేమియు జరుగదు. లలాట భాగమున సంధుల తరుగుదల 20 ఏండ్లు దాటిన పిదపను కొనసాగునని 2011లో జాగ్రెబ్ నగర పరిశోధకులు కనుగొనిరి.

ఇక సైకిలు పందెము సంగతి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనువారు 13 ఏండ్ల పిల్లలు మొదలు పెద్దల వరకు పలువురిచే కంప్యూటరు మీద కారు నడుపు ఆట ఆడించిరి. పసుపు దీపము వెలిగిన తరువాత కారు ఎంత దూరము పోయిన అన్ని పాయింట్లు. ఆపుట ఆలస్యమైనచో గోడకు ఢీకొనును. కొందరిని ఒంటరిగాను, కొందరిని స్నేహితుల యెదుటను ఆడించిరి. స్నేహితులు చూచుచుండగా చిన్నవారి తెగింపు మిక్కిలి హెచ్చినది. పెద్దవారిలో ఆ భేదము స్వల్పము. కనుక ప్రమాదము తెలియకపోవుట కాదు. పరీక్షలో అడిగిన, ఆ పిల్లవాడే చక్కగా వ్రాయును. మెదడు లోతున సంతోషమునకు స్పందించు భాగములు స్నేహితుల సమక్షమున మిక్కిలి చురుకుగా నుండ, వానికి కళ్లెము వేయు భాగము ఇంకను సిద్ధపడుచున్నది.

నిద్ర విషయమున మనము చేయు అన్యాయము ఇంతకంటె పెద్దదని నా అభిప్రాయము. రాత్రివేళ పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను పదార్థమును స్రవించును. కౌమారమున ఈ స్రావము మునుపటికంటె ఆలస్యముగా ఆరంభమగును. అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ మున్నగువారి పరిశోధనల వలన ఇది వెల్లడియైనది. కనుక పెందలకడ పండుకొమ్మని ఎంత చెప్పినను ఆ వయస్సు వారికి నిద్ర రాదు. వారికి కావలసినది 8 మొదలు 10 గంటల నిద్ర. నేను చదువుకొన్న వసతిగృహమున రాత్రి 11 గంటల వరకు చదివించి, 4.30కే గంట కొట్టెడివారు. అనగా నిద్ర ఐదున్నర గంటలు. లోటు ప్రతిదినము రెండున్నర గంటలు. పగలు చదివినది మనస్సున కుదురుకొనుట రాత్రి నిద్రలోనే జరుగవలసియున్నది. తెల్లవారుజామున పుస్తకము ముందు కూర్చుండి చదివినది నాకు జ్ఞాపకము లేదు. కునికిపాట్లు మాత్రము జ్ఞాపకమున్నవి. కాలిఫోర్నియా రాష్ట్రమున 2019లో చట్టము చేసి, 2022 నుండి ఉన్నత పాఠశాలలు ఉదయము 8.30కు ముందు తెరువరాదని అమలు చేసిరి.

గంటల పట్టికను మార్చుట ఒక ఉపాధ్యాయుని చేతిలోని పని కాదు. నా మట్టుకు నేను ఈ సంవత్సరము నాడీవ్యవస్థ పాఠమును మొదటి గంట నుండి మూడవ గంటకు మార్చుకొని, మొదటి గంటను ప్రయోగశాలకు కేటాయించితిని. నిలబడి సూక్ష్మదర్శిని సరిచేసికొనుచున్న వారెవ్వరును ఇంతవరకు కునుకుట నేను చూడలేదు.