మగవారి ఎముకలూ గుల్లబారతాయి

1994 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒకే ఒక్క మనిషి గురించిన వ్యాసం వచ్చింది. అమెరికాలోని సిన్సినాటిలో వైద్యులు పరీక్షించిన ఆ యువకుడికి 28 ఏళ్లు. ఎత్తు 204 సెంటీమీటర్లు. ఆ వయసులోనూ ఇంకా పొడుగు పెరుగుతున్నాడు. ఎక్స్‌రే తీస్తే అతని ఎముకలు 15 ఏళ్ల పిల్లాడి ఎముకల్లా కనిపించాయి. అంతకంటే ఆశ్చర్యం, అప్పటికే అవి గుల్లబారి ఉన్నాయి. అయినా రక్తంలో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది, మగ లక్షణాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. చివరికి లోపం ఈస్ట్రోజెన్ దగ్గర దొరికింది. ఆడవాళ్ల హార్మోన్ అని అందరం అనుకునే ఈస్ట్రోజెన్ అతని ఒంట్లో దండిగా ఉన్నా, పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల కణాలు దాన్ని అందుకోలేకపోయాయి.

మూడేళ్ల తర్వాత, 1997లో, ఇటలీలోని మోదెనా నుంచి ఇంకో ఉదాహరణ వచ్చింది. అక్కడి రోగి శరీరం అసలు ఈస్ట్రోజెన్‌నే తయారు చేసుకోలేదు. అతనికి టెస్టోస్టిరాన్ ఇచ్చి చూశారు, ఎముకల్లో మార్పు రాలేదు. ఈస్ట్రోజెన్ పట్టీలు అంటించాక ఎముకల ఎదుగుదల పూర్తయి, గట్టిదనం పెరిగింది. మగవాడి ఎముకకు కూడా ఈస్ట్రోజెన్ కావాలని ఈ ఇద్దరి వల్ల తేటతెల్లమైంది.

మరి మగవారికి ఈస్ట్రోజెన్ ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు వాళ్ల టెస్టోస్టిరాన్ నుంచే. కొవ్వులో, ఎముకలో, ఇతర కణజాలాల్లో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌లో కొద్ది భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఆ కొద్దిపాటే ఎముకను కాపాడుతుంది. అందుకే టెస్టోస్టిరాన్ బాగా పడిపోయిన మగవాడికి ఒకేసారి రెండు హార్మోన్లూ కరువవుతాయి.

ఎముక లోపల జరిగే పని

ఎముక ఒకసారి గట్టిపడి అలాగే ఉండిపోయే వస్తువని అనుకుంటాం. నిజానికి అది నిత్యం మరమ్మతులో ఉండే గోడ. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాతబడిన చోట తవ్వి తీస్తాయి, ఆస్టియోబ్లాస్ట్ అనే కణాలు ఆ గుంటను కొత్త ఎముకతో పూడుస్తాయి. తవ్వినంతా పూడినన్నాళ్లు గట్టిదనం నిలుస్తుంది. తవ్వకం ఎక్కువై పూడిక తగ్గితే ఎముక లోపలి సన్నని అల్లిక తెగిపోతుంది. దాన్నే ఎముకలు గుల్లబారడం, ఆస్టియోపొరోసిస్ అంటున్నాం.

ఈ తవ్వకానికి పగ్గం వేసేది ముఖ్యంగా ఈస్ట్రోజెన్. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 59 మంది పెద్ద వయసు మగవారిలో సొంత హార్మోన్లను మందులతో కొద్ది వారాలు ఆపి, ఒక్కో హార్మోన్‌ను విడివిడిగా తిరిగి ఇచ్చి కొలిచారు. ఎముక అరుగుదలను అదుపు చేయడంలో 70 శాతమో అంతకు మించో ఈస్ట్రోజెన్ పనేనని 2000లో తేల్చారు. టెస్టోస్టిరాన్ పాత్ర కూడా చిన్నదేమీ కాదు. ఈడొచ్చే వయసులో మగపిల్లల ఎముకలు లావుగా, వెడల్పుగా తయారవడంలో దాని చేయి ఉంది. అది కండను పెంచుతుంది, ఆ కండ లాగుడుకు ఎముక బలపడుతుంది.

ఈ విషయం ఇంత ఆలస్యంగా వెలుగులోకి రావడానికి కారణం ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1940ల తొలినాళ్లలోనే ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారడాన్ని ఈస్ట్రోజెన్ తగ్గడంతో ముడిపెట్టాడు. అప్పటి నుంచి వైద్యలోకం చూపంతా స్త్రీల మీదే నిలిచింది. ముట్లు ఆగడం స్త్రీకి ఒక హెచ్చరికలా పనిచేస్తుంది. మగవాడికి అలాంటి గుర్తు లేదు. టెస్టోస్టిరాన్ ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుంది, ఎముక ఏ నొప్పీ లేకుండా పలచబడుతుంది. ఇంట్లో అమ్మ మోకాళ్లు, అమ్మ నడుం గురించి మాట్లాడుకుంటాం. నాన్న కాస్త వంగితే వయసు మీద పడిందని ఊరుకుంటాం.

ఊరుకోదగ్గ విషయం కాదిది. 50 దాటిన ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరికి, ప్రతి అయిదుగురు మగవారిలో ఒకరికి ఎముక బలహీనత వల్ల ఎప్పుడో ఒకప్పుడు ఎముక విరగడం తప్పదని అంతర్జాతీయ అంచనా. తుంటి విరిగిన తర్వాతి ఏడాదిలో చనిపోయే ముప్పు స్త్రీలలోకంటే మగవారిలోనే ఎక్కువ.

ఎవరికి ముప్పు ఎక్కువ

వయసుతో వచ్చే తగ్గుదల ఒక ఎత్తు, జబ్బువల్లో మందులవల్లో వచ్చే తగ్గుదల ఇంకొక ఎత్తు. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. ఆల్‌బ్రైట్ దగ్గరే పనిచేసిన హ్యారీ క్లైన్‌ఫెల్టర్ దీన్ని 1942లో వర్ణించాడు. చాలామందిలో ఇది పిల్లలు కలగడం లేదని పరీక్షలకు వెళ్లినప్పుడు గాని బయటపడదు. అప్పటికి ఎముక గట్టిపడాల్సిన పడుచు వయసు చాలావరకు గడిచిపోతుంది. పీయూష గ్రంథిలో కణితులు, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు దెబ్బతినడం, తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల్లో ఇనుము పేరుకుని గ్రంథులు పాడవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఊబకాయం, మధుమేహం, కాలేయ జబ్బు, మితిమీరిన తాగుడు టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తాయి.

మందుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మోకాళ్ల నొప్పికో ఆయాసానికో నెలల తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఎముకను నేరుగా దెబ్బతీస్తాయి, టెస్టోస్టిరాన్‌ను కూడా పడగొడతాయి. ఏ మందు ఇస్తున్నారో చెప్పకుండా పొడిచే సూదిని ఒప్పుకోకండి. దీర్ఘకాలం వాడే నల్లమందు జాతి నొప్పి మందులదీ ఇదే దారి. జిమ్ముల్లో కండల కోసం కుర్రాళ్లు వేసుకునే అనబాలిక్ స్టెరాయిడ్లు సొంత టెస్టోస్టిరాన్ తయారీని ఆపేస్తాయి. వాటిని మానేశాక అది కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

అందరికంటే వేగంగా ఎముక పోగొట్టుకునేది ప్రొస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స తీసుకునేవారు. ఆ క్యాన్సర్‌కు టెస్టోస్టిరాన్ ఆజ్యం పోస్తుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపాడు, అందుకు 1966లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అప్పటి నుంచి ఆ హార్మోన్‌ను అణచడం ప్రాణం నిలిపే చికిత్సగా నిలిచింది. కానీ దానికి ఎముక మూల్యం చెల్లిస్తుంది. అమెరికాలో 50 వేలకు పైగా రోగుల రికార్డులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, క్యాన్సర్ బయటపడ్డాక అయిదేళ్లకు మించి బతికినవారిలో హార్మోన్ చికిత్స తీసుకున్న 19.4 శాతం మందికి ఎముకలు విరిగాయి. తీసుకోనివారిలో అది 12.6 శాతం. కాబట్టి ఆ చికిత్స మొదలుపెట్టే రోజే ఎముక పరీక్ష గురించి అడగాలి. భయపడి చికిత్స మానడం మాత్రం పొరపాటు.

ఎలా తెలుసుకోవాలి

ఎముక సాంద్రతను కొలిచేది డెక్సా స్కాన్. నొప్పి లేని పరీక్ష, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అందులో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి ఉంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. 70 దాటిన మగవారంతా, 50 నుంచి 69 మధ్య ఉండి ముందు చెప్పిన కారణాలున్నవారు ఈ పరీక్ష చేయించుకోవాలని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2012లో సూచించింది. మన దగ్గర ఒక జాగ్రత్త అవసరం. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి ఎముకలు స్కాన్‌లో చిక్కగా కనిపించినా పెళుసుగా ఉండవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

స్కాన్ లేకపోయినా కొన్ని గుర్తులు పట్టుకోవచ్చు. పడుచు వయసులో ఉన్న ఎత్తుకంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గడం, వీపు గూనిగా వంగడం, నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టో తుంటో విరగడం లాంటివన్నీ వెన్నుపూసలనూ ఎముకలనూ పరీక్షించమని చెప్పే గుర్తులే.

టెస్టోస్టిరాన్ కొలతకూ పద్ధతి ఉంది. అది పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. కాబట్టి పరగడుపున ఉదయమే రక్తం ఇవ్వాలి, తక్కువని వస్తే ఇంకో రోజు మళ్లీ చూడాలి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపు ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపంగా పరిగణిస్తారు. జ్వరంలో ఉండగా ఇచ్చిన ఒక్క నమూనాతో జీవితకాలపు మందు మొదలుపెట్టకూడదు.

హార్మోన్ పోస్తే సరిపోతుందా

తగ్గిందాన్ని భర్తీ చేస్తే ఎముక బాగుపడాలని ఎవరికైనా అనిపిస్తుంది. సగం వరకు అది నిజం. 65 దాటి టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్న 211 మందిపై జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, ఏడాదిపాటు హార్మోన్ జెల్ పూసుకున్నవారి వెన్నుపూసల లోపలి అల్లిక సాంద్రత 7.5 శాతం పెరిగింది. మందు లేని జెల్ పూసుకున్నవారిలో పెరిగింది 0.8 శాతమే.

కానీ మనిషికి కావాల్సింది స్కాన్‌లో అంకె పెరగడం ఒక్కటే కాదు, ఎముక విరగకుండా ఉండాలి. దాన్ని లెక్కించిన పెద్ద పరీక్ష ఫలితాలు 2024 జనవరిలో వచ్చాయి. ట్రావర్స్ అనే ఆ పరీక్షలో గుండెజబ్బో దాని ముప్పో ఉన్న, 45 నుంచి 80 ఏళ్ల మధ్య మగవారు అయిదు వేలకు పైగా పాల్గొన్నారు. మూడేళ్లకు పైగా గమనిస్తే, టెస్టోస్టిరాన్ వాడినవారిలో 3.5 శాతం మందికి ఎముకలు విరిగాయి, వాడనివారిలో 2.46 శాతం మందికి. ఎముకలు విరగడం తగ్గుతుందనుకుంటే పెరిగింది. కారణం శాస్త్రవేత్తలకు ఇంకా తేలలేదు.

దీన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆ పరీక్షలో చాలామందిది వయసు, ఊబకాయం, మధుమేహాల వెంట వచ్చిన ఓ మోస్తరు తగ్గుదల. క్లైన్‌ఫెల్టర్‌తో పుట్టినవారికి, పీయూష గ్రంథి దెబ్బతిన్నవారికి టెస్టోస్టిరాన్ అవసరమైన చికిత్సే, వాళ్లు దాన్ని మానకూడదు. మిగతావారు మాత్రం ఎముక కోసమని టెస్టోస్టిరాన్ సూదుల వెంట పడకూడదు. పైగా బయట నుంచి వేసుకునే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని ఆపుతుంది. పిల్లలు కావాలనుకునే యువకులు ఈ మాట తప్పక తెలుసుకోవాలి.

ఎముకకు వేరే మందు

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. టెస్టోస్టిరాన్ లోపానికి చికిత్స వేరు, ఎముకకు చికిత్స వేరు. రెండింటికీ విడివిడిగా లెక్క చూడాలి. విరిగే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి, హార్మోన్ ఇస్తున్నా సరే, ఎముకను కాపాడతాయని రుజువైన మందు కూడా ఇవ్వాలి. వారానికి ఒక మాత్రగా వేసుకునే అలెండ్రోనేట్, ఏడాదికి ఒకసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం అలాంటివి. టెస్టోస్టిరాన్ లోపం ఉన్నవారిని కూడా కలుపుకుని 1,199 మంది మగవారిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. రెండేళ్లలో కొత్తగా వెన్నుపూస నలిగింది జోలెడ్రోనిక్ ఆమ్లం తీసుకున్నవారిలో 1.6 శాతం మందికి, తీసుకోనివారిలో 4.9 శాతం మందికి.

వీటికీ నియమాలున్నాయి. అలెండ్రోనేట్‌ను పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకూడదు. జోలెడ్రోనిక్ ఆమ్లానికి ముందు మూత్రపిండాలు, విటమిన్ డి, పళ్లు చూపించుకోవాలి. ఆర్నెల్లకోసారి తీసుకునే డెనోసుమాబ్ సూదిని డాక్టరును అడగకుండా మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరసగా నలిగే ప్రమాదం ఉంది.

పళ్లెంలో, ఇంట్లో

కాల్షియం లేకుండా ఏ మందూ ఎముకను కట్టలేదు. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది నామమాత్రం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. రాయలసీమ రాగి సంకటి, నువ్వులు, మునగాకు, పెరుగు, ముల్లుతో సహా తినే మెత్తళ్లు ఎముకకు మేలు చేసేవే. ఎండ దండిగా ఉన్నా విటమిన్ డి లోపం మనల్ని వదలలేదు. తిరుపతిలోని స్విమ్స్ పరిశోధకులు పల్లెవాసులను, పట్నవాసులను పోల్చి చూసినప్పుడు, పొలాల్లో పనిచేసేవారికి కొంత మెరుగ్గా ఉన్నా లోపం రెండుచోట్లా కనిపించింది.

పడకుండా చూసుకోవడం కూడా చికిత్సలో భాగమే. ప్రొస్టేట్ పెరిగిన పెద్దాయన రాత్రి రెండు మూడుసార్లు లేస్తాడు. మంచం నుంచి బాత్రూం దాకా దీపం, జారని నేల, గోడకు పట్టుకునే కడ్డీ ఆయన తుంటిని కాపాడతాయి. శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వేయకూడదు, నిద్రమాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడాలి. నడకతోపాటు బరువులెత్తే వ్యాయామం, ఒంటికాలిమీద నిలబడే సాధన చేయాలి. పొగ మానాలి, తాగుడు తగ్గించాలి.

మీ ఇంట్లో ఎవరికైనా టెస్టోస్టిరాన్ తక్కువని తేలితే, ప్రొస్టేట్ హార్మోన్ చికిత్స మొదలైతే, స్టెరాయిడ్లు మూడు నెలలకు మించి వాడాల్సి వస్తే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. ఎముక సాంద్రత ఎంత ఉంది? విరిగే ముప్పు ఎంత? దానికి విడిగా మందు కావాలా? ఈ మాటలు అడగడానికి మొహమాటపడే మగవారే ఎక్కువ. వాళ్ల తరఫున భార్య అడిగినా, కొడుకో కూతురో అడిగినా పరవాలేదు. ఎముక విరగకముందే అడగాలి, అంతే.