పిప్పరమెంటు నూనె - పుట్టుక, పూర్వపు వాడుకలు

పిప్పరమెంటు బిళ్ళ ఎరుగని పిల్లవాడు మన పల్లెలలో ఉండడు. నోట వేసికొనగానే మొదట ఘాటుగాను, పిమ్మట చల్లగాను తోచును. ఆ చల్లదనము మన పెరటి పుదీనానుండి వచ్చునని పలువురు తలచెదరు. అది సరికాదు. ఈ భేదము తెలియక వేరొక మొక్కను తెచ్చి నాటిన రైతు పెట్టుబడితోబాటు ఒక పంటకాలమును గూడ పోగొట్టుకొనును. కావున దీని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట మంచిది.

పుట్టుక

పిప్పరమెంటు సంకరజాతి మొక్క. చెమ్మనేలలలో పెరుగు నీటి పుదీనాకును, పచ్చడికి వాడు పుదీనాకును కలిసి పుట్టినది. ఇంగ్లండులోని హార్ట్‌ఫర్డ్‌షైరులో దొరికిన ఈ మొక్కను 1696లో జాన్ రే అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. 1721లో ఇది లండను వైద్యుల ఔషధ గ్రంథమున చేరినది. 1753లో లినేయస్ దీనికి ‘మెంథా పైపరిటా’ అని పేరు పెట్టెను. ‘పైపర్’ అనగా లాటిను భాషలో మిరియము. ఆ మాటకు మూలము మన ‘పిప్పలి’యే!

కంచరగాడిదకు సంతానము లేనట్లే ఈ సంకరమునకు మొలకెత్తు గింజ సాధారణముగా ఉండదు. నేలలో పాకు కాండపు ముక్కలను నాటియే పెంచవలెను. 18వ శతాబ్ది నడుమ లండను చెంత మిచమ్ గ్రామములో దీని సాగు వృద్ధి చెందెను. అచటినుండి అమెరికాకు పోయి న్యూయార్కు, మిషిగన్ రాష్ట్రములలో విస్తరించెను. 20వ శతాబ్దిలో మిషిగన్ తోటలను వెర్టిసిలియం వడలు తెగులు పట్టుకొనగా, సాగు చాలవరకు ఆరిగన్, వాషింగ్టన్ రాష్ట్రములకు మరలినది. తెగులు సోకిన నాటు ముక్కలతో తెగులును వచ్చునని ఇందువలన గ్రహింపవలెను.

పూర్వపు వాడుకలు

ప్రాచీన గ్రీకులు, రోమనులు వాడినది సాధారణ పుదీనా జాతులను. పిప్పరమెంటు వాడుక ఇంగ్లండు ఇండ్లలో ప్రబలినది. కడుపుబ్బరము, కడుపునొప్పి, వికారము కలిగినప్పుడు ఆకును వేడినీట నానవేసి త్రాగెడివారు. వైద్యులు చేదుమందుల రుచి కప్పిపుచ్చుటకు పిప్పరమెంటు నీటిని కలిపెడివారు. తలనొప్పికి నూనెను పలుచచేసి నుదుట రాయుట, జలుబుకు ఆవిరి పట్టుట వాడుకలో నుండెను.

మన ఇండ్లలోను ‘పిప్పరమెంటు పువ్వు’ చిరపరిచితమే. అది నిజమునకు పువ్వు కాదు; నూనెను చల్లబరచగా పేరుకొను మెంథాల్ పలుకులు. దీనిని కర్పూరము, వామపువ్వులతో కలిపినచో మూడును తమంత తామే కరగి ద్రవమగును. ‘అమృతధార’ అను ఇంటిమందు ఇట్టిదే. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించిన అమృతాంజనములో గూడ మెంథాల్ ఉన్నది.

మెంథాల్ ఒంటిని నిజముగా చల్లబరచదు. చలిని తెలుపు నరములను తాకి చల్లగానున్నట్లు తోపించును. పేగుల కండరముల బిగువును నూనె సడలించును. అందుచేతనే పూర్వులకు కడుపునొప్పిలో ఉపశమనము కలిగినది. నేడు పేగుల బాధకు పొట్టలో కరగని పూతవేసిన గొట్టములలో ఈ నూనెను వైద్యులు ఇచ్చుచున్నారు.

హెచ్చరిక: పచ్చి నూనె త్రాగరాదు. పసిబిడ్డల ముక్కునకు, ముఖమునకు రాయరాదు. ఊపిరి స్తంభించు ప్రమాదము కలదు. గుండెమంట గలవారికి ఇది హెచ్చు బాధ కలిగింపవచ్చును.

మూడు మొక్కల భేదము

పెరటి పుదీనా ఆకునకు తొడిమ ఉండీ ఉండనట్లుండును. నూనెలో ముఖ్యముగా కార్వోన్ ఉండును. పిప్పరమెంటు ఆకునకు స్పష్టమైన తొడిమ, తరచు ఊదారంగు కాండము ఉండును; పూలు కొమ్మ చివర కంకిగా వచ్చును. నూనెలో మెంథాల్ సుమారు 30 నుండి 55 శాతము. మూడవది జపాను పుదీనా. పూలు ఆకుల మొదళ్ళలో గుత్తులుగా వచ్చును, నూనెలో మెంథాల్ 70 శాతము మించును. 1950వ దశకములో మన దేశమునకు వచ్చిన ఈ జాతియే ఉత్తరప్రదేశ్‌లో విస్తారముగా సాగగుచున్నది. మన మెంథాల్ పరిశ్రమకు ఆధారమిదే.

రైతులకు సూచన

పిప్పరమెంటు విత్తనములని పొట్లములు అమ్మువారిని నమ్మవద్దు. పేరు గుర్తించి, తెగులులేని నాటు ముక్కలనే తీసికొనుడు. ఈ మొక్కకు చల్లని వాతావరణము, దీర్ఘమైన పగళ్ళు అనుకూలము. మన జిల్లాలలో ముందుగా కొద్ది సెంట్లలో వేసి చూచుట క్షేమము. నూరు కిలోల పచ్చి ఆకునకు సుమారు అరకిలో నూనె మాత్రమే వచ్చును. కావున ఆవిరి బట్టీ ఎంత దూరమున ఉన్నది, నూనె కొనువాడెవడు అని విచారించిన పిమ్మటనే నాటవలెను. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రము కలదు. గ్రామాధికారులు తమ రైతులకు ఈ సంగతి తెలిపి, నాటకముందే సలహా పొందునట్లు చేసినచో మేలు చేసినవారగుదురు.