కుక్కలకు మరల మరల వచ్చు చర్మరోగము

వెండ్రుకలు ఊడి, ఒంటిపై పొక్కులు లేచి, ఎల్లప్పుడును గోకుకొనుచుండు కుక్కను చూడగనే జనులు "గజ్జికుక్క" అందురు. కాని గజ్జి అనునది చర్మమును తొలుచుకొని బ్రదుకు ఒక సూక్ష్మకీటకము వలన కలుగు జబ్బు. గోకుకొను కుక్కలన్నిటికిని గజ్జి యుండదు. పెక్కింటికి ఉండునది బాక్టీరియా వలన లేచిన చీముపొక్కుల రోగము. మందు వాడినచో ఇది తగ్గును. కొన్ని వారములకు మరల తలయెత్తును. దీనికి కారణమేమి?

సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తులవలె కనబడు గుండ్రని బాక్టీరియాకు స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1882లో స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో స్టాఫిలే అనగా ద్రాక్షగుత్తి. కుక్కల చర్మమునకు ముఖ్యముగా సోకునది ఈ ప్రజాతికి చెందిన స్టాఫిలోకాకస్ స్యూడింటర్మీడియస్. దీనిని ప్రత్యేకమైన జాతిగా 2005లో వర్ణించిరి. ఆరోగ్యముగా నున్న కుక్కల ముక్కులోను, నోటిలోను కూడ ఇది కాపురముండును. చర్మము చెక్కుచెదరకున్నంత కాలము దీనివలన హాని లేదు.

కుక్కకు వెండ్రుకలు దట్టముగా నున్నను, వాటి క్రింద చర్మపు పైపొర మన చర్మపు పైపొర కంటె పలుచన. మన చర్మమునకున్న ఆమ్లగుణము కూడ దానికి అంతగా లేదు. కావున దురద పుట్టి కుక్క గోకుకొని, నాకుకొని చర్మమును గాయపరచుకొన్నప్పుడు, అచ్చట నున్న బాక్టీరియా రోమకూపములలో చేరి వృద్ధిపొందును. అనగా చీముపొక్కులు సాధారణముగా మరియొక లోపమునకు ఫలితములు. ఆ లోపము మిగిలియున్నంత కాలము పొక్కులు మరల వచ్చుచునే యుండును.

అట్టి మూలకారణములలో ఫ్లీలు అను రెక్కలులేని చిన్న పురుగులు ముఖ్యమైనవి. వాటి లాలాజలము కొన్ని కుక్కలకు పడదు. కొద్ది కాట్లకే తోకమొదట, నడుముపైన విపరీతమైన దురద పుట్టును. ఈ పురుగుల గ్రుడ్లు కుక్క పండుకొను చోట రాలును. గూటిలోని ప్యూపాలు నెలల తరబడి జీవించగలవు. అందుచే కుక్కకు మందు వేసి దాని పడకను విడిచిపెట్టినచో ప్రయోజనము స్వల్పము. ఆహారములోని కొన్ని మాంసకృత్తులు, ఇంటి దుమ్ములోని కీటకములు పడకపోవుట, రోమకూపములలోని డెమోడెక్స్ కీటకములు, థైరాయిడ్ గ్రంథి మాంద్యము మొదలగునవి ఇతర కారణములు.

వీటిలో ఏది కారణమో తెలియుటకు ఒక ప్రశ్న ఎంతో ఉపకరించును: పొక్కులు మానిన తరువాత దురద కూడ పోయినదా? దురద నిలిచియున్నచో పురుగులను, పడని పదార్థములను అనుమానింపవలెను. అదియు పూర్తిగ పోయి, కొంతకాలమునకు పొక్కులు తిరిగి వచ్చినచో గ్రంథుల లోపమును పరీక్షింపవలెను. పశువైద్యుడు పొక్కులోని చీమును గాజుపలకపై పూసి రంగువేసి బాక్టీరియాను, చర్మమును గీకి కీటకములను వెదకును.

చికిత్సలో మొదటి స్థానము స్నానమునకే. క్లోర్‌హెక్సిడిన్ 2 నుండి 4 శాతము కలిగిన షాంపూతో, వైద్యుని సలహాపై వారమునకు రెండు మూడు సారులు రుద్ది, 10 నిమిషములు ఉంచి కడుగవలెను. పైపై పొక్కులు పెక్కుసారులు దీనితోనే మానును. కిరసనాయిలు పూయుట ప్రమాదకరము. అది చర్మమును మండించును, నాకినచో విషమగును. వైద్యుని అడుగక స్టెరాయిడ్ మాత్రలు వాడినచో దురద అణగును గాని, మూలకారణము మరుగునపడి రోగనిరోధకశక్తి తగ్గును.

యాంటిబయాటిక్కులను అవసరమైనప్పుడే వాడవలెను. రోగము తిరిగి వచ్చునప్పుడు ఏ మందుకు బాక్టీరియా లొంగునో పెంపకపు పరీక్షచే ముందుగ తెలిసికొనుట మంచిది. పెనిసిలిన్ జాతి మందులు బాక్టీరియా తన గోడను కట్టుకొను ఎంజైములను పట్టి బంధించును. మెక్ఏ అను జన్యువు గల బాక్టీరియా ఆ మందులకు సులభముగా చిక్కని వేరొక ఎంజైమును తయారుచేసికొనును. మందు వాడిన ప్రతిసారి లొంగునవి చచ్చి, లొంగనివి మిగిలి పెరుగును. అట్టి బాక్టీరియా ఇతర కుక్కలకును, అరుదుగా మనుష్యులకును సోకగలదు. మనుష్యుల ప్రాణములను కాపాడు మందులును ఈ తెగకు చెందినవే.

కావున కుక్కను పెంచువారు దురద ఎప్పుడు మొదలైనది, ఏ ఋతువులో హెచ్చినది, ఏమి తినుచున్నది, ఫ్లీల మందు ఎప్పుడు వేసినది ఒక పుస్తకములో వ్రాసియుంచి వైద్యునికి చూపవలెను. మూలకారణమును పట్టుకొనుటకు ఆ కొద్దిపాటి వివరములే తోడ్పడును.