సర్టిఫికెట్ గోడకెక్కింది... లోను మాత్రం గడప దాటి రాలేదు!

ఏజెన్సీ ఊళ్లలోకి వెళ్లి చూడండి. ఏ గూడెంలోనైనా ఒకటో రెండో ఇళ్లలో గోడకు ఫ్రేము కట్టి పెట్టుకున్న సర్టిఫికెట్ కనిపిస్తుంది. కుట్టు శిక్షణదో, బ్యూటీషియన్ కోర్సుదో, సెల్‌ఫోన్ రిపేరుదో, డ్రైవింగ్‌దో అయి ఉంటుంది. ఆ సర్టిఫికెట్ మీద పేరున్న పిల్ల మాత్రం ఇంట్లో ఉండదు. పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో కూలికి పోయి ఉంటుంది. పని రాక కాదు. జాకెట్టు కుట్టడం వచ్చు, ఫాల్సు వెయ్యడం వచ్చు. మిషను కొని, నాలుగు రకాల గుడ్డ తెచ్చి, సంత దగ్గర చిన్న గది అద్దెకు తీసుకోవడానికి చేతిలో పైసలు లేవంతే.

ఆదివాసీలకు, లంబాడీలకు శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన చేసిన పనుల్లో ముఖ్యమైనది మార్లవాయిలో 1943లో పెట్టిన గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం. అక్కడ నేర్చుకున్నవాళ్లకు చేతిలో పని కూడా పెట్టారు. వాళ్లే గూడేల్లో పంతుళ్లయ్యారు. ఎనభై ఏళ్ల తర్వాత మన శిక్షణల్లో సరిగ్గా ఆ రెండో మెట్టే విరిగిపోయింది.

నేర్పేవాళ్లకు కొదవ లేదు. ఐటీడీఏల కింద యూత్ ట్రైనింగ్ సెంటర్లున్నాయి. 2014లో వచ్చిన దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. అన్నిటికన్నా అక్కరకొచ్చేది, జనానికి అంతగా తెలియనిది ఆర్‌సెటీ. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ నమూనాలో జిల్లాకొకటి చొప్పున లీడ్ బ్యాంకులు నడుపుతున్న స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఇది. తిండి, వసతి, శిక్షణ అన్నీ ఉచితం. శిక్షణ అయ్యాక రెండేళ్ల పాటు మంచిచెడ్డలు చూసుకోవాలని, లోను ఇప్పించడంలో సాయపడాలని నియమం. నడిపేది బ్యాంకే కాబట్టి, ఆ సర్టిఫికెట్ పట్టుకెళ్తే మేనేజర్ కనీసం కుర్చీ చూపిస్తాడు. తక్కినవాటితో ఆ మర్యాద కూడా దక్కడం కష్టమే.

ఇంతకీ బ్యాంకు దగ్గర చిక్కేమిటి?

మొదటిది భూమి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959లో చట్టం చేశారు. 1970లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. అందరి నోటా నానే ‘వన్ ఆఫ్ సెవంటీ’ ఇదే. ఆదివాసీకి ఆ నాలుగెకరాలు ఇంకా మిగిలున్నాయంటే ఈ చట్టం పుణ్యమే, అందులో రెండో మాట లేదు. బ్యాంకు లెక్క మాత్రం వేరు. రేపు బాకీ కట్టకపోతే వేలం వేయాలి, వేలంలో పాడేవాళ్లు మళ్లీ గిరిజనులే కావాలి, వాళ్లెవరు వస్తారు అని మేనేజర్ పెన్ను పక్కన పెడతాడు. కొందరు దీన్ని చూపించి చట్టమే తీసేయమంటారు. ఇల్లు ఇరుకైందని గోడలు కూల్చుకోమన్నట్టుంది ఆ సలహా. నిజానికి చిన్న వ్యాపారాలకు 10 లక్షల దాకా ఆస్తి పూచీకత్తు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ముద్రా లోనుకూ అడగకూడదు. అయినా ‘మీకు ఆస్తి ఏముంది?’ అన్న ప్రశ్న కౌంటర్ దగ్గర ఇప్పటికీ వినపడుతూనే ఉంది. అడగకూడదన్న సంగతి లోను కోసం వచ్చిన వాళ్లకు తెలియదు మరి.

రెండోది కాగితాలు. కుల ధ్రువీకరణ, ఆధార్, పాన్, కొటేషన్, ప్రాజెక్టు రిపోర్టు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కో రోజు కూలి పోతుంది. మండల కేంద్రానికి ఆటో చార్జీ అదనం. ఆపైన సిబిల్ స్కోరు. ఎప్పుడో వాయిదాల మీద ఫోను కొని రెండు నెలలు కట్టకపోతే ఆ మచ్చ అక్కడ పడి ఉంటుంది. అసలు ఏ లోనూ తీసుకోని వాళ్లదైతే ఇంకో తంటా, చూపించడానికి స్కోరే ఉండదు.

మూడోది, పథకాల కొలతలు. 2016 ఏప్రిల్‌లో స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకి లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలన్నారు. వినడానికి ఎంత బాగుందో! ఇందులో ఆ ‘లేదా’ను ఒకసారి గమనించండి. ఏజెన్సీలో ఉన్న బ్రాంచీ అయినా ఒక్క ఎస్టీకి ఇవ్వకుండానే లెక్క చూపించవచ్చు. పైగా కనీసమే 10 లక్షలు. కుట్టుమిషను కావలసిన పిల్లకు అంత అప్పెందుకు? 2025 మార్చితో ఆ పథకం గడువు ముగిసింది. దానికి బదులుగా తొలిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లలో 2 కోట్ల దాకా టర్మ్ లోన్లు ఇస్తామని ఆ ఏడాది బడ్జెట్‌లో ప్రకటించారు. అంకె పెరిగింది సరే, చిన్నవాళ్లకు ఒరిగేదేమిటో చూడాలి.

చిన్న మొత్తానికైతే ముద్రా ఉంది. శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తారు. కాస్త పెద్ద యూనిట్ పెట్టాలంటే పీఎంఈజీపీ నయం. పల్లెలో పెట్టే ఎస్టీలకు ఇందులో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే. తయారీ యూనిట్ 10 లక్షలు దాటితే మాత్రం ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఇక్కడ చాలామంది పొరపడే సంగతొకటుంది. సబ్సిడీ అంటే చేతికిచ్చే డబ్బు కాదు. అది మీ పేరు మీదే బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది, ఆ మేరకు అప్పు మీద వడ్డీ పడదు. యూనిట్ నడుస్తోందని తేలాకే అప్పులో జమ చేసుకుంటారు. ఈ ముక్క సరిగ్గా చెప్పేవాళ్లుండరు. ‘సబ్సిడీ వస్తది, సగం నీకు సగం నాకు’ అనే దళారులు మాత్రం ప్రతి మండల ఆఫీసు ముందూ ఉంటారు. వాళ్ల మాట విని సంతకాలు పెట్టిన వాళ్లకు చివరికి మిగిలేది బ్యాంకు నోటీసే.

ఒంటరిగా వెళ్లినప్పుడు మూసుకున్న తలుపు గుంపుగా వెళ్తే తెరుచుకోవడం మన కళ్ల ముందున్న మాటే. మహిళా సంఘాలకు 20 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొచ్చే మనకు, ఇప్పుడది పిల్లలకూ గర్భిణులకూ బలమైన తిండిగా తెలుస్తోంది. భద్రాచలంలో ఒకప్పుడు పొలం కూలికి వెళ్లిన ఆడవాళ్లు చిరుధాన్యాల బిస్కెట్లు, శానిటరీ ప్యాడ్లు తయారుచేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో వాళ్ల సంగతి చెప్పాక దేశమంతా తెలిసింది. వీళ్లు ఎదిగింది ఒక్క శిక్షణతోనే కాదు. యంత్రం, షెడ్డు, ముడిసరుకు, కొనేవాడు... వీటిలో ఏ ఒక్కటి తగ్గినా బండి నడవదు.

వన్‌ధన్ కేంద్రాల కథ చూడండి. 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో మొదలైంది. ఇరవై మంది చొప్పున పదిహేను సంఘాలు, మొత్తం మూడు వందల మంది కలిస్తే ఒక కేంద్రం, దానికి 15 లక్షల దాకా సాయం. చింతపండు, తేనె, ఇప్పపువ్వు, కుంకుడుకాయ పచ్చిగా అమ్మకుండా శుభ్రం చేసి ప్యాక్ చేసి అమ్మితే మిగులు ఎక్కువ. ఆలోచన బంగారం. కానీ చింతపండు కొనాల్సింది వేసవిలో, నోట్ల కట్ట కావాల్సింది అప్పుడే. ఆ సొమ్ము వానాకాలంలో వస్తే ఏం లాభం? ఈలోపు సంతలో షావుకారు తక్కెడ పట్టుకుని కూర్చునే ఉంటాడు. ఆ షావుకారు పీడ వదిలించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారన్నది గుర్తుంచుకోవాలి.

ఇక ఓజాల గోడు వేరే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్, కేస్లగూడ లాంటి ఊళ్లలో వీళ్లు మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. ఒక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. ఇంకొకటి కావాలంటే మళ్లీ మొదటి నుంచే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీళ్లకు ఎవరూ కొత్తగా శిక్షణ ఇవ్వక్కర్లేదు, వీళ్లే నలుగురికి నేర్పగలరు. కావలసింది ఇత్తడి కొనడానికి పెట్టుబడి. అది లేక అడ్వాన్సు ఇచ్చినవాడికి, వాడు చెప్పిన రేటుకే చేసిపెట్టాల్సి వస్తోంది. అదే బొమ్మ సిటీ షోరూములో ఏ ధర పలుకుతుందో కొన్నవాళ్లకు తెలుసు.

మీ ఊళ్లో, మీకు తెలిసిన తండాలో ఇలాంటి పిల్లలుంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి. ఏజెన్సీ అయితే ఐటీడీఏకు, మైదాన ప్రాంతమైతే జిల్లా గిరిజన సంక్షేమ అధికారి దగ్గరకు వెళ్లాలి. రెండు రాష్ట్రాల్లోనూ ట్రైకార్ రాయితీలు ఆ దారినే వస్తాయి. గిరిజన మహిళలకు 2 లక్షల దాకా 4 శాతం వడ్డీకే ఇచ్చే జాతీయ గిరిజన ఆర్థిక సంస్థ పథకం గురించి కూడా అక్కడే అడగాలి. కోర్సులో చేరేముందే ‘ఇది అయ్యాక లోను అప్లికేషన్ ఎవరు పెట్టిస్తారు?’ అని అడగమనండి. దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోమనండి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మనండి. అలా రాసివ్వాలంటే మాత్రం చాలా బ్రాంచీల్లో ఫైలు ఒకసారి మళ్లీ తెరుస్తారు.