తెర మీద రంగుల రేషను

1980ల నాటి వీడియో ఆటల బొమ్మలలోని ముతక రంగులను చూచి, ఆనాటి చిత్రకారులకు వర్ణజ్ఞానము తక్కువేమోనని మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. కొరత జ్ఞానములో లేదు; యంత్రపు మెమరీలో ఉన్నది.

ఒక్క యంత్రమును తీసుకొని లెక్క చూతము. ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ సంస్థ 1982లో జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ అను గృహ కంప్యూటరును విడుదల చేసినది. సామాన్య కుటుంబము కొనగలుగవలెనని చౌక నమూనాకు 125 పౌండ్ల ధర నిర్ణయించినారు. దాని తెర చుక్కల ముగ్గు వంటిది: అడ్డముగా 256, నిలువుగా 192, వెరసి 49,152 చుక్కలు. రంగులు పదిహేను: నలుపు, నీలము, ఎరుపు, మెజెంటా, ఆకుపచ్చ, ఆకాశనీలము, పసుపు, తెలుపు, నలుపు తప్ప తక్కిన ఏడింటికి మరింత కాంతి గల రూపమొకటి. ప్రతి చుక్కకు విడిగా రంగు గుర్తుంచుకొనవలెనన్న, నాలుగేసి బిట్ల చొప్పున 24,576 బైట్లు కావలెను. ఆ చౌక నమూనాలోనో, మొత్తము మెమరీయే 16,384 బైట్లు! సున్నము ఖర్చు ఇంటి ఖర్చును మించినట్లయినది.

అందువలన ఒక ఉపాయము పన్నినారు. చుక్క వెలిగినదా, లేదా అన్నంత మటుకు ఒక్కొక్క బిట్టు; దానికి 6,144 బైట్లు. పిదప తెరను ఎనిమిదేసి చుక్కల చదరపు గళ్ళుగా, మొత్తము 768గా విభజించి, గడికొక బైటు కేటాయించినారు. అందులో ముందు రంగుకు మూడు బిట్లు, వెనుక రంగుకు మూడు, కాంతికి ఒకటి, మినుకుమనుటకు ఒకటి. 6,912 బైట్లతో పని ముగిసినది. ఇంతకన్న సొగసైన పొదుపు అరుదని మా అభిప్రాయము.

అయితే గడిలో రెండే రంగులు! ఎర్రని వీరుడు పచ్చని చెట్టు ప్రక్కగా నడచునప్పుడు, ఇద్దరూ ఒకే గడిలో పడినచో కొమ్మ ఎర్రబారును, లేదా వీరుడే పచ్చబడును. నడచినంత దూరము రంగు పెట్టెలు పెట్టెలుగా వెంటబడును. దీనినే 'అట్రిబ్యూట్ క్లాష్' అందురు. కొందరు నేడు దీనినే ముచ్చటగా పొగడుచున్నారు. మేము ఏకీభవింపజాలము, అది చూచుటకు వికారముగనే ఉండెడిది.

పొగడవలసినది దానిని తప్పించుకొనిన తీరు. 1984లో వచ్చిన 'నైట్ లోర్' అను ఆటలో ఒక్కొక్క గదిని నలుపుపై ఒకే రంగుతో గీచినారు. ఉన్నది ఒక్క రంగే గనుక, వస్తువులు ఒకదాని వెనుక నొకటి దాగినను కలత లేదు. రంగులను వదలుకొని ఆ ఆట లోతును సంపాదించినది. గదులు నిజముగా మూడు కొలతలు గలవేమోనని భ్రమ కలుగును.

జపానులో నింటెండో వారి ఫామికామ్ (1983) మరొక దారి పట్టినది. కదలు బొమ్మలకు వేరు రంగులు కేటాయించుటచే అవి వెనుకనున్న దృశ్యపు రంగులను చెరుపవు. ఆ దృశ్యమునకు మాత్రము నాలుగే రంగుల జట్లు. జట్టుకు మూడు రంగులు, అన్నింటికి ఉమ్మడిగా మరొకటి. బొమ్మలు దాచు చోటు కూడ కొద్దియే. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో పైనున్న మబ్బును, నేలమీది పొదను పక్కపక్కన పెట్టి చూడుడు. రెండును ఒకే బొమ్మ. తెలుపు జట్టు వేసిన మబ్బు; ఆకుపచ్చ జట్టు వేసిన పొద.